కురచైన గోచీ

"తల చూడు. ముందు దీని తల చూడు. ఆ తర్వాత నీ గోచీల సంగతి మాట్లాడుకుందాం," అన్నాడు మా ఆయన కోయినెట్.

గొర్రెపిల్లను రెండు చేతులతో ఎత్తి నా మొహం ముందు పట్టుకున్నాడు. దాని ఒళ్లింకా ఆరలేదు. ఒళ్లంతా తెలుపు. మెడ దగ్గర్నుంచి పైకి మాత్రం మసిబారిన కుండలా నలుపు. మా మందలో నల్లతల గొర్రె ఏనాడూ లేదు. మావన్నీ ఎర్రవి.

"చూశాను," అన్నాను.

"ఏం కనపడింది?"

"తల."

"వేళాకోళమా?"

వేళాకోళం కాదు. నాకు అంతకంటే ఏమీ తోచలేదు. పొద్దుటి నుంచి ఇది మూడోది. మూడూ నల్లతలలే. నేల పగిలి, గాలి లేస్తే కళ్లలో దుమ్ము తప్ప ఇంకేమీ పడని ఆగస్టు నెలలో మా దొడ్డిలో గొర్రెలు ఈనుతున్నాయి. పోయిన వారం పొదుగులు నిండుతుంటే వాపనుకుని పసరు రాసిన తెలివితక్కువదాన్ని నేను. ఇరవయ్యారు గొర్రెల్లో ఈనే ఈడున్న పదిహేనింటికీ ఒక్కసారే వాపు వస్తుందా అని బుర్రకు తట్టలేదు. తట్టనివ్వలేదంటే సరిగ్గా ఉంటుందేమో.

ఎందుకంటే ఫిబ్రవరిలో మా ఆయన, ఆయన అన్న ఇద్దరి ముందూ నిలబడి నేనొక మాట అన్నాను. "నవంబరు వాన పడేదాకా నా పొట్టేలు వల్ల ఒక్క పిల్ల పుట్టదు. మేపకుండా దాచిన బీడులో ఒక్క గొర్రె మూతి పెట్టదు. ఈ మాట నిలబెట్టుకుంటే మంద నా చేతిలో ఉంచండి. తప్పితే బావగారి మందలో కలిపేసుకోండి." ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను. అదీ నా నోటి దూల.

"మాట్లాడవేం?" అన్నాడు కోయినెట్.

"ఏం మాట్లాడను? మన పొట్టేలుకి జూన్ దాకా గోచీ ఉంది. నేనే కట్టాను, నేనే విప్పాను."

"మరి ఇవి ఆకాశం నుంచి పడ్డాయా?"

మా అత్త నోంకిపా ఇంటి నీడలో ముక్కాలి పీట మీద కూర్చుని తోలు ముక్కకు బెజ్జాలు వేస్తోంది. తల ఎత్తలేదు. ఆమెను నేను అత్తా అని పిలవను. పెళ్లికూతురుగా వచ్చిన రోజు, అందరు పెళ్లికూతుళ్లలాగే, ఏదైనా ఇస్తేగానీ లోపలికి రానని గుమ్మం దగ్గర మొండికేశాను. ఆమె దొడ్డిలోకి వెళ్లి ఒక ఎర్ర గొర్రెపిల్లను తెచ్చి నా చేతిలో పెట్టింది. గొర్రెనిచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఆ రోజు నుంచి ఒకరినొకరు పాకేర్ అనే పిలుచుకోవాలి. పేరు పెట్టి పిలవకూడదు. తొమ్మిదేళ్లుగా ఆమె నాకు పాకేర్, నేనామెకు పాకేర్. గొర్రె చేతులు మారిందా, ఆ పిలుపూ పోతుంది.

"పాకేర్, మీరైనా చెప్పండి," అన్నాను.

ఆమె బెజ్జం వేసిన చోట ఉమ్మి తడి చేసి, మళ్లీ సూది దించింది.

"మా అమ్మనెందుకు మధ్యలోకి లాగుతావు?" అన్నాడు కోయినెట్.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. లాగానా? పక్కన కూర్చున్న మనిషిని ఒక మాట అడగడం లాగడమా?

అప్పుడే కంచె అవతల నుంచి నవ్వు వినిపించింది. మా బావగారు సిరోంకా నవ్వితే గాడిదలు చెవులు నిక్కిస్తాయి. ఉమ్మడి నేలను పంచినప్పుడు అన్నదమ్ములకు చెరో అరవై ఎకరాలు వచ్చాయి. మధ్యలో తీగ కంచె వేసుకున్నారు గానీ ఆయన రోజూ దాని మీద నుంచే దాటి వస్తాడు. గేటు చుట్టపు చూపుగా వచ్చేవాళ్లకట.

"ఏవీ, ఏవీ, నా మనవలేవీ?" అంటూ వచ్చి, కోయినెట్ చేతిలోని పిల్లను లాక్కుని, చెవులు వెనక్కి నొక్కి చూశాడు. "ఓహో! అచ్చం మావాడే. ఆ మెడ చూడండి, ఆ తొడ చూడండి. మీ ఎర్రవాటికి తొడలెక్కడివి? నాలుగు పుల్లలు!"

"బావగారూ, నవ్వకండి," అన్నాను.

"ఏడవమంటావా? ఏమ్మా మరదలా, పంతం పట్టి మా పొట్టేలుకి గోచీ కట్టించావు కదా. కట్టింది మెడకా, కొమ్ములకా?"

"దానికి కొమ్ములు లేవు."

"అందుకే జారిపోయి ఉంటుంది!"

కోయినెట్ కూడా నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

మార్చి మొదట్లో జరిగిన సంగతది. అన్నదమ్ములిద్దరూ ఆవులను గడ్డి కోసం లొయిటా కొండలకు తోలుకుపోయారు. బావగారి నల్లతల తెల్ల పొట్టేలు అంత దూరం నడవలేదు. దానికి తిండి సంచిలోంచి రావాలి, నీళ్లు బకెట్లో రావాలి. మూడు వారాలు మీ దొడ్డిలో ఉంచమ్మా అన్నాడు. ఉంచుతాను గానీ మా పొట్టేలులాగే దానికీ గోచీ ఉండాల్సిందేనన్నాను. నడుముకు కట్టి కడుపు కింద వేలాడదీసే తోలు ముక్క అది. అది ఉన్నన్నాళ్లూ పొట్టేలు ఎంత ఎగిరినా ఫలితం ఉండదు. జూన్‌లో విప్పితే అయిదు నెలలకు, వానతో పాటు గడ్డి, గడ్డితో పాటు పిల్లలు. మా మామగారి తాత నాటి నుంచీ ఇదే పద్ధతి. బావగారి లాంటివాళ్లకు ఇప్పుడది నవ్వులాట. గోచీలు మా ఇంట్లో కుట్టేది మా పాకేర్ ఒక్కతే.

"ఆ గోచీ ఏదీ?" అన్నాడు కోయినెట్.

గోడకు మేకున ఉంది. తెచ్చిచ్చాను.

"అన్నా, నీ పొట్టేలుని ఒకసారి పట్రా."

"ఎందుకురా?"

"కట్టి చూద్దాం."

వద్దనాలనిపించింది. మా పాకేర్ చేతిలో సూది ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

బావగారు పొట్టేలును తెచ్చాడు. తెచ్చాడంటే, ముందు ఆయన లాగాడు, తర్వాత అది ఆయన్ని లాగింది. ఇద్దరూ రొప్పుతూ వచ్చారు. కోయినెట్ వంగి నడుం చుట్టూ తోలుపట్టీ బిగించి, ముడివేసి, వెనక్కి జరిగాడు.

ఆ గోచీ పొట్టేలు పక్కటెముకల కింద ఎక్కడో, చిన్నపిల్లాడి మెడకు కట్టిన చొంగగుడ్డలా వేలాడుతోంది. కప్పాల్సిన చోటుకు అది జానెడు దూరంలో ఉంది. పొట్టేలు మా నలుగురినీ చూసి, మెడ చాచి, ఒకసారి "బే" అంది.

బావగారి పెదవులు వణికాయి. నవ్వు ఆపుకోవడానికి ఆయన భుజాన కప్పుకున్న దుప్పటి కొసను నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా..." అన్నాడు కోయినెట్.

"మన పొట్టేలు కొలతకు కుట్టాను," అంది మా పాకేర్, తల ఎత్తకుండానే. "పొట్టేలంటే పొట్టేలేగా అనుకున్నాను. ఇంత పొడుగు జంతువుని మా కాలంలో చూళ్లేదు."

"తప్పులేదమ్మా, తప్పులేదు," అన్నాడు బావగారు గబగబా. "ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. అసలెందుకన్నానో నాకే అర్థం కాలేదు. గుండెలో అయిదు నెలలుగా ఇరుక్కున్న ముల్లు అది.

"ఏం తెలుసు?" అన్నాడు కోయినెట్.

"మార్చిలోనే చూశాను. కట్టిన సాయంత్రమే. కురచైంది. మర్నాడు పొద్దున్నే మాటపాటోలో ఉన్న మా చెల్లెలి పురిటికి వెళ్లిపోయాను. ఎనిమిది రోజులకు వచ్చాను."

"చూసి, చెప్పలేదూ?"

"ఎలా చెప్పను?"

"నోటితో! నోటితో చెప్తారు! ఫిబ్రవరిలో మా ఇద్దరి ముందూ అంత పొడుగు మాట అన్నప్పుడు ఉన్న నోరు, అప్పుడేమైంది?"

"యాభై ఏళ్లుగా కుడుతున్న మనిషి. 'పాకేర్, మీరు కుట్టింది సరిపోలేదు' అని నేననాలా? నిన్న మొన్న వచ్చినదాన్ని?"

"తొమ్మిదేళ్లయింది నువ్వొచ్చి!"

"అయితే నువ్వు అనగలవా? ఇప్పుడు అను. ఇక్కడే ఉంది కదా మీ అమ్మ. అను, వింటాను."

కోయినెట్ అనలేదు. మా పాకేర్ దారం పళ్లతో తెంపింది.

బావగారే కల్పించుకున్నాడు. గట్టిగా నవ్వే మనిషే గానీ చెడ్డవాడు కాదు. "సరేరా తమ్ముడూ, విను. నీ భార్య అన్నదేమిటి? తన పొట్టేలు వల్ల పిల్ల పుట్టదని. ఇవి దాని పిల్లలు కావు, నావి. తలలే చెప్తున్నాయి. అలాంటప్పుడు ఆమె మాట తప్పినట్టెలా అవుతుంది?"

కోయినెట్ గడ్డం గోక్కున్నాడు. "అంటే?"

"అంటే, పుట్టేవన్నీ నల్లతలలైతే తప్పు నా పొట్టేలుది. వాటి మేత నేను పెడతాను. మంద ఆమె దగ్గరే ఉంటుంది. దాచిన బీడు నవంబరు దాకా ముయ్యండి. సరేనా మరదలా?"

నాకు సంతోషమేసింది. ఆయన ఇంత న్యాయంగా మాట్లాడతాడని నేననుకోలేదు. అనుమానంతో మళ్లీ అడిగాను. "అన్నీ నల్లతలలైతేనా?"

"అన్నీ. ఒక్కటి ఎర్రది పుట్టినా మీ పొట్టేలు కూడా గోచీ లేకుండా తిరిగినట్టే కదా. అప్పుడు శనివారం వచ్చి మందను తోలుకుపోతాను. నువ్వన్న మాటే."

"మా పొట్టేలు తిరగలేదు," అన్నాను. ఈ భూమ్మీద నాకు బాగా తెలిసిన సంగతి అదొక్కటే అన్నంత ధైర్యంగా అన్నాను.

వాళ్లిద్దరూ టీ తాగడానికి లోపలికి వెళ్లారు. కోయినెట్ వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేయబోయి, అన్న చూస్తున్నాడని తీసేశాడు. అదే చాలనుకున్నాను.

అప్పుడు మూలన తుమ్మచెట్టు కింద నాన్యోకియె కాళ్లతో నేల గీరడం చూశాను.

నాన్యోకియె అంటే ఎర్రది. గుమ్మం దగ్గర నాకిచ్చిన పిల్లకు కూతురి కూతురు. వానలేని ఏడు సగం మంద పోయినప్పుడు, ఎండుగడ్డి మొదళ్లు కొరుక్కుని, రెండు రోజులకోసారి నీళ్లు తాగి నిలబడ్డది అది. ఎర్రవాటి మీద నా పంతమంతా దాన్ని చూసే. బావగారి తెల్లవి బరువెక్కువే, కాదనను. ఒక్క కరువొస్తే ఆ బరువుతోనే కూలబడతాయి. మూడు వంతుల గడ్డి మిగిల్చి ఒక వంతు తినే గొర్రె మాకు కావాలి. అరవై ఎకరాలు ఇక పెరగవు.

దాని దగ్గరికెళ్లి కూర్చున్నాను. దాని కడుపు మీద చెయ్యి వేసి, జీవితంలో ఎన్నడూ కోరని కోరిక కోరాను. దేవుడా, దీని కడుపున నల్లతల ఉండనీ. నా ఎర్రదానికి, మా పాకేర్ నాకిచ్చిన వంశానికి, నల్లతల పిల్ల పుట్టాలని మొక్కాను. సిగ్గేసింది. అయినా మొక్కాను.

అడుగుల చప్పుడైంది. మా పాకేర్ వచ్చి నా పక్కన, నేల మీదే కూర్చుంది. చేతిలో పాత దుప్పటి ముక్క ఉంది.

"ఎర్రదే పుడుతుంది," అంది.

"ఏంటి?"

"దీనికి. ఎర్రదే."

"మీకెలా తెలుసు?"

ఆమె గొర్రె తోక పక్కకు తీసి చూసింది. "ఇంకాసేపు పడుతుంది. నువ్వు వెళ్లిన మూడో రోజు దొడ్డిలోకి వెళ్లాను. ఆ తెల్లది ఒకదాని తర్వాత ఒకదాని మీదికి ఎక్కుతోంది. వంగి చూశాను. నా గోచీ ఎక్కడో ఉంది, దాని పని ఎక్కడో ఉంది."

"విప్పి వేరేది కుట్టచ్చు కదా పాకేర్!"

"తోలు లేదు. ఇంట్లో మగవాళ్లు లేరు. ఆ జంతువుని పట్టుకునే ఓపిక నాకు లేదు. కంచె దాటి వెళ్లి ఎవర్ని పిలవను, ఏమని పిలవను? నా కుట్టు నన్ను మోసం చేసిందనా?" ఆమె గొంతు తగ్గింది. "మన పొట్టేలు మూలన నిలబడి చూస్తోంది. దానికేమో నేను కుట్టినది చక్కగా సరిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మంద మొత్తం తెల్లదాని పాలైతే నువ్వు తిరిగొచ్చి నన్నేమనుకుంటావు? అందుకని మనదాని గోచీ విప్పేశాను. కొన్నైనా ఎర్రవి దక్కుతాయని. నువ్వొచ్చే ముందు రోజు మళ్లీ కట్టాను."

నాకు జూన్ గుర్తొచ్చింది. గోచీ విప్పుతుంటే ముడి ఎడమ పక్కకు ఉంది. నేను కుడి పక్కకు వేస్తాను. మా పాకేర్‌ది ఎడమ చెయ్యి. ముడిని చూశాను, విప్పాను, మర్చిపోయాను. విప్పాక పొట్టేలు ఆడవాటి వంక కన్నెత్తి చూడకుండా గడ్డి మేస్తే, ముసలిదైపోయింది పాపం అనుకున్నాను. ఆడవన్నీ అప్పటికే చూలుతో ఉన్నాయని నాకెలా తెలుస్తుంది?

ఈమె మీద కోపం రావాలి. రాలేదు. వచ్చిందేమో, పక్కనే జాలి కూడా వచ్చింది. వీటిలో దేన్ని ముందు పట్టుకోవాలో తెలియక ఊరుకున్నాను. నా కోసం విప్పింది. ఆ విప్పడం వల్లే నాకున్నది పోతుంది. నేను ఆ సాయంత్రం "కురచైంది పాకేర్" అని రెండు మాటలు అని ఉంటే ఇదేమీ లేదు. ఆమె పరువు కాపాడాలని నేను నోరు మూసుకున్నాను. నా మంద కాపాడాలని ఆమె ముడి విప్పింది. తప్పెవరిదో నాకు తేలలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"అడిగితే నేనే చెప్తాను," అంది. "నా కొడుకులే కదా. తింటారా నన్ను?"

గొర్రె మూలిగింది. ముందు కాళ్లు వచ్చాయి, తర్వాత ముక్కు. నేను కళ్లు మూసుకున్నాను. చేతుల్లోకి వెచ్చగా జారింది. కళ్లు తెరిచాను.

ఎర్రది. తల నుంచి తోక దాకా తడిసిన మట్టి రంగు. ఆడపిల్ల. ఇంత అందమైన పిల్ల మా దొడ్డిలో పుట్టి ఎన్నాళ్లయిందో! ముద్దు పెట్టుకోవాలనీ ఉంది, ఎక్కడైనా దాచేయాలనీ ఉంది. మా పాకేర్ దుప్పటి ముక్కలో చుట్టి ఒడిలో పెట్టుకుంది.

టీ గ్లాసుతో బావగారు ముందొచ్చాడు. వెనక కోయినెట్. దుప్పటిలోంచి బయటికున్న ఎర్ర తలను ఇద్దరూ చూశారు. బావగారు నవ్వలేదు. ఈరోజు మొదటిసారి ఆయన నవ్వాలని నాకనిపించింది.

"మన పొట్టేలుకి గోచీ ఎవరు విప్పారు?" అన్నాడు కోయినెట్. మెల్లగానే అడిగాడు. అరిచి ఉంటే బాగుండేది.

నేను మా పాకేర్ వైపు చూశాను. ఆమె గొర్రెపిల్ల మూతి తుడుస్తోంది.

"అమ్మా, మేం లేనప్పుడు ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే. నువ్వు విప్పావా?"

ఆమె చెవి తుడిచింది. రెండో చెవి తుడిచింది. చెప్తానంది కదా. ఇప్పుడే కదా అంది. ఇద్దరు కొడుకులు నిలబడి ఉన్నారు, ఆమె నేల మీద కూర్చుని ఉంది. యాభై ఏళ్ల కుట్టు ఈ పూటకే ఒకసారి నవ్వులపాలైంది. ఆ కురచ గోచీతో పొట్టేలు ఇంకా మా మధ్యనే తిరుగుతోంది. విప్పాలని ఎవరికీ తోచలేదు.

"అమ్మా?" అన్నాడు బావగారు.

"నేను విప్పాను," అన్నాను.

కోయినెట్ నా వైపు తిరిగాడు. "నువ్వు ఊళ్లో లేవు."

"వెళ్లే ముందు విప్పాను. తెల్లదాని గోచీ కురచని చూశానని చెప్పాను కదా. దానికి లేని కట్టు మనదానికెందుకని విప్పాను. వచ్చాక కట్టాను."

"మాట ఇచ్చి?"

"ఇచ్చే."

"ఇందాక మన పొట్టేలు తిరగలేదన్నావు. మా మొహాన అన్నావు!"

"అన్నాను. అబద్ధం."

నేనే విప్పానంటే ఎంత తేలిగ్గా నమ్మాడో! అదే నన్ను కోసేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా తప్పు చేసినందుకే అనుకుని ఉంటాడు.

బావగారు గ్లాసులో మిగిలిన టీని నేల మీద పారబోశాడు. "అయితే శనివారం," అన్నాడు, నా వైపు చూడకుండా. "నువ్వన్న మాటే మరదలా. నేను అడగలేదు."

"శనివారం," అన్నాను.

అప్పుడు మా పాకేర్ లేచింది. గొర్రెపిల్లను గుండెకు అదుముకుని, మోకాళ్ల మీద బరువు వేసి, ఎవరి సాయమూ లేకుండా లేచింది. కొడుకుల వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"సియానోయీ," అంది.

అది నా పేరు. తొమ్మిదేళ్లలో ఆమె నోట అది వినడం అదే మొదలు. గొర్రెలు పోతున్నాయి కాబట్టి పిలుపు కూడా తీసేసుకుందో, నన్ను ఆపడానికి పిలిచిందో నాకు తెలియలేదు. ఆమె ఇంకేదో అంటుందని ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. పలకాలో వద్దో తెలియక, నేను ఆమె చేతుల్లోని ఎర్ర తల వైపే చూస్తూ ఉండిపోయాను.